చదువు కోసం చీనా నుంచి వచ్చినవాడు: హుయాన్‌త్సాంగ్ జీవితం

 



మా కారంపూడి వాడలోంచి ఈ మధ్య ఒక అమ్మాయి పై చదువుకి విదేశం బయల్దేరింది. తల్లి మిరపకాయల కోతలకి పోయి, తండ్రి తాపీపని చేసి చదివించిన పిల్ల. బయల్దేరే ముందు రోజు రాత్రి వాళ్ళింట్లో అందరం కూర్చుని త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాం. ఒక పక్క పచ్చళ్ళు, కారప్పొడి మూటలు కడుతున్నారు, ఇంకో పక్క పెట్టె బరువు చూస్తున్నారు. ఆ పిల్లకి భయమంతా మొదటి రోజు గురించే. విమానం దిగాక ఎవరొస్తారు, ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి. ఇంకొకటి కూడా ఉంది. అక్కడ మన తెలుగోళ్ళే ఎదురై ఊరు అడిగాక, ఇంటిపేరు అడిగాక, ఆ తర్వాత ఏం అడుగుతారో అని. ఈ చివరి భయం ఏంటో మనలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి నేను ఆ పిల్లకి చెప్పిన జీవితమే ఈ చిన్న పుస్తకం. బడి పుస్తకాల్లో హుయాన్‌త్సాంగ్ అని రెండు లైన్లు చదివి వదిలేసిన మనిషి. చీనా వాళ్ళు పలికేది ష్వాన్‌జాంగ్ అని. మనకి అలవాటైన పేరుతోనే చెప్పుకుందాం. ఈయన పరదేశం నుంచి మన దేశానికి చదువుకోవడానికి వచ్చాడు. అంతేకాదు, మన ధాన్యకటకంలో కూర్చుని మన నేల మీది భిక్షువుల దగ్గర కొన్ని నెలలు పాఠం చెప్పించుకున్నాడు. ధాన్యకటకం అంటే ఇప్పటి ధరణికోట, అమరావతి. అది ఈ రోజు మన పల్నాడు జిల్లాలోనే ఉంది.

ఆయన పుట్టింది క్రీ.శ. 602 ప్రాంతంలో, చీనాలో లొయాంగ్ నగరం దగ్గర ఒక పల్లెలో. ఇంటిపేరు చెన్. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. తండ్రి చదువుకున్న మనిషి, ఉద్యోగం వదిలి ఇంటి పట్టునే ఉండిపోయాడు. పిల్లవాడికి పదేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయాడు. రెండో అన్న అప్పటికే భిక్షువు. ఆయనే తమ్ముణ్ణి తను ఉన్న విహారానికి తీసుకుపోయి అక్షరాలతో పాటు సుత్తాలు కూడా చెప్పాడు.

పదమూడో ఏట లొయాంగ్‌లో కొద్దిమందిని భిక్షువులుగా తీసుకోమని రాజాజ్ఞ వచ్చింది. వందలమంది వచ్చారు. ఈ పిల్లవాడికి వయసు చాలక లోపలికి రానివ్వలేదు. గేటు పక్కనే నిలబడ్డాడు. ఎంపిక చేసే అధికారి చూసి ఎవరి పిల్లవాడివి, ఎందుకు చేరాలనుకుంటున్నావు అని అడిగాడు. తథాగతుడి మాటని దూరదూరాలకి తీసుకుపోవాలని, ఇప్పటివాళ్ళకి తేటగా తెలియజెప్పాలని ఉందని పిల్లవాడు చెప్పాడట. అధికారి ఆ జవాబుకి మెచ్చి వయసు నిబంధన పక్కన పెట్టాడు.

తర్వాత సూయి రాజ్యం కూలింది. ఊళ్ళు తగలబడ్డాయి, కరువొచ్చింది. అన్నదమ్ములిద్దరూ లొయాంగ్ వదిలి చెంగ్‌డూకి పోయారు. 622లో అక్కడే ఉపసంపద. తర్వాత చదువు కోసం ఊరూరూ తిరిగి, చివరికి రాజధాని చాంగాన్ చేరాడు. దొరికిన ఆచార్యులందరి దగ్గరా కూర్చున్నాడు. అక్కడే అసలు చిక్కు మొదలైంది. ఒకే విషయం మీద ఒక గురువు చెప్పింది ఇంకో గురువు చెప్పింది పొసగడం లేదు. చీనా భాషలోకి దిగిన గ్రంథాలు సగం సగం ఉన్నాయి, అనువాదాలు ఒకదానికొకటి ఎదురుతిరుగుతున్నాయి. ఇట్లా అయితే ఎవరో చెప్పింది నమ్మడమే తప్ప తేల్చుకోవడం ఎలా? మూలం ఎక్కడుందో అక్కడికే పోయి, అక్కడి భాష నేర్చుకుని, మూల గ్రంథం తెచ్చుకోవాలి. ముఖ్యంగా యోగాచారభూమి అనే పెద్ద శాస్త్రం మొత్తంగా కావాలి. ఆయన ప్రయాణానికి కారణం ఇదే. పుణ్యం కోసం తీర్థయాత్ర అని కొందరు రాస్తారు. యాత్ర కూడా చేశాడు, కాదనను. కానీ ఇల్లు కదిలించింది మాత్రం సందేహం. మన బాబాసాహెబ్ కూడా బౌద్ధం స్వీకరించే ముందు ఇరవై ఏళ్ళు చదివాడన్నది ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

సరిహద్దు దాటకూడదని అప్పుడు రాజాజ్ఞ ఉంది. ఇంకొందరితో కలిసి అనుమతి కోసం అర్జీ పెట్టుకున్నాడు, తిరస్కరించారు. మిగతావాళ్ళు మానుకున్నారు. ఈయన మానుకోలేదు. 629లో (627 అని చెప్పేవాళ్ళూ ఉన్నారు) మంచు పడి పంటలు పోయి, జనం తిండి వెతుక్కుంటూ రాజధాని వదిలిపోతుంటే, ఆ గుంపులో కలిసి బయటపడ్డాడు. ఈ రోజు మాటల్లో చెప్పాలంటే పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, పట్టుకోమని వెనకాల నోటీసు ఉంది. గ్వాజౌ అనే సరిహద్దు ఊళ్ళో ఆ నోటీసు అందుకున్న అధికారి బౌద్ధుడు. కాగితం ఈయన ముందే చించేసి, త్వరగా పొమ్మన్నాడు.

దారి చూపిస్తానని వచ్చిన మనిషి అర్ధరాత్రి కత్తి దూసి దగ్గరికొచ్చి, ఏమనుకున్నాడో ఏమో వెనక్కి తగ్గాడు. తెల్లారాక అతన్ని ఇంటికి పంపేసి ఒంటరిగా కదిలాడు. తోడు ఒక బక్కచిక్కిన ముసలి ఎర్ర గుర్రం. కాపలా బురుజు దగ్గర నీళ్ళు ముంచుకుంటుంటే బాణం వచ్చి మోకాలికి తగిలినంత పనైంది. ఆ తర్వాత ఎడారి. అక్కడ నీళ్ళ తిత్తి చేతిలోంచి జారి మొత్తం ఒలికిపోయింది. కొంత దూరం వెనక్కి తిరిగాడు. మళ్ళీ ఆగి, తూర్పుకి ఒక్క అడుగు వెయ్యనని అనుకున్న మాట గుర్తొచ్చి, గుర్రాన్ని పడమటికి తిప్పాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు గొంతులో చుక్క నీరు లేదు. ఐదో రాత్రి గాలి చల్లబడ్డాక ఆ ముసలి గుర్రమే దారి మార్చి గడ్డి, నీటిగుంట ఉన్న చోటికి లాక్కుపోయింది. జీవితచరిత్ర రాసిన శిష్యుడు ఇక్కడ మంత్రం, దేవత అని కొంత చేర్చాడు. నాకు ఆ గుర్రం చాలు. ఆ ఎడారి అంతకు ముందు చాలాసార్లు దాటిన గుర్రం అది.

తుర్ఫాన్ దగ్గర గావోచాంగ్ రాజు ఈయన మీద అభిమానంతో వదిలిపెట్టనన్నాడు. ఇక్కడే ఉండి నాకు గురువుగా ఉండు అన్నాడు. బలవంతం చేసేసరికి ఈయన అన్నం ముట్టడం మానేశాడు. నాలుగో రోజుకి రాజు దిగొచ్చి, దారిలోని రాజ్యాలకి 24 ఉత్తరాలు, గుర్రాలు, మనుషులు, బట్టలు ఇచ్చి పంపాడు. మంచుకొండల్లో ఆ మనుషుల్లో పదికి ముగ్గురు నలుగురు చలికి చచ్చిపోయారు. సమర్‌కండ్, బామియన్, గాంధారం దాటి కాశ్మీరులో దాదాపు రెండేళ్ళు ఆగి చదివాడు. దొంగలు దోచారు. గంగలో పడవ మీద పోతుంటే దోపిడీగాళ్ళు పట్టుకుని, ఒడ్డూ పొడుగూ బాగున్నాడని దుర్గకి బలి ఇవ్వబోయారు. గాలివాన వచ్చి వాళ్ళు బెదిరి వదిలేశారని రాశారు. మనిషిని మనిషి దేవత పేరు మీద నరకడం అప్పటి గంగ ఒడ్డున మామూలు సంగతి అన్నట్టే రాసి ఉంది, చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంత దారి ఒక ఎత్తు, ఆ చివర ఉన్న రోజు ఒక ఎత్తు. ఆ రోజు గురించి తీరిగ్గా చెప్పుకుందాం.

ముందు బుద్ధగయ చేరాడు. బోధివృక్షం కింద బోర్లా పడి ఏడ్చాడు. బుద్ధుడు జ్ఞానం పొందిన రోజున తను ఎక్కడ ఉన్నాడో, ఇంత ఆలస్యంగా ఎందుకు పుట్టాడో అని. వర్షావాసం ముగిసిన సమయం అది, వేల మంది భిక్షువులు అక్కడ చేరి ఉన్నారు. చూసినవాళ్ళందరి కళ్ళూ తడిసాయట. అక్కడ ఎనిమిది తొమ్మిది రోజులు ఉన్నాడు. పదో రోజున నలంద నుంచి నలుగురు భిక్షువులు ఈయన్ని తీసుకుపోవడానికి వచ్చారు. చీనా నుంచి ఒకడు చదువు కోసం వస్తున్నాడన్న కబురు ఈయనకంటే ముందే నలంద చేరిపోయింది.

మొగ్గల్లానుడు పుట్టిన ఊరని చెప్పే పల్లెలో మధ్యాహ్నం భోజనానికి ఆగారు. కాసేపటికి నలంద నుంచి రెండు వందల మంది భిక్షువులు, వెయ్యిమంది గృహస్థులు జెండాలు, గొడుగులు, పూలు పట్టుకుని ఎదురొచ్చారు. వాళ్ళ మధ్య నడుచుకుంటూ విహారంలోకి వచ్చాడు. లోపల సంఘమంతా కూడి ఉంది. పలకరింపులు అయ్యాక స్థవిరుడి పక్కనే ప్రత్యేకంగా ఆసనం వేసి కూర్చోబెట్టారు. తర్వాత విహారం పనులు చూసే భిక్షువు గంట కొట్టించి ప్రకటన చేశాడు. ఈ కొత్తగా వచ్చిన భిక్షువు ఇక్కడ ఉన్నంత కాలం సంఘానికి ఉన్న వస్తువులన్నీ అందరితో సమానంగా వాడుకోవచ్చు అని.

ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. మనుస్మృతి పదో అధ్యాయంలో పతితులైన జాతుల జాబితా ఒకటుంది. అందులో ద్రావిడులు ఉన్నారు, యవనులు, శకులు ఉన్నారు, చీనులు కూడా ఉన్నారు. ఆ లెక్కన నలంద గేటు దగ్గర నిలబడ్డ ఈ మనిషి శూద్రసమానుడు, వేదం వినడానికి కూడా పనికిరానివాడు. అదే దేశంలో, అదే కాలంలో, సంఘం మొదటి రోజే గంట కొట్టి మరీ సమానం అని చెప్పింది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఏ పుస్తకాన్ని తగలబెట్టించారో, ఆ పుస్తకం చెప్పేదానికి ఆ గంట చప్పుడు సరిగ్గా ఎదురు.

ప్రకటన అయ్యాక, మరీ ముసలివాళ్ళు కాక, మరీ కుర్రవాళ్ళు కాక, శాస్త్రాలు తెలిసి నడవడి బాగున్న ఇరవై మందిని ఏరి, ఈయన్ని పెద్దాయన దగ్గరికి తీసుకుపొమ్మన్నారు. ఆ పెద్దాయన శీలభద్రుడు. బెంగాలు వైపు సమతటం ఆయన దేశం. వయసు 106 ఏళ్ళు అని చరిత్రలో రాసి ఉంది. ఆయన మీద గౌరవంతో నలందలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. హుయాన్‌త్సాంగ్ అక్కడి పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద, మోచేతుల మీద ముందుకు పాకి ఆయన పాదాలకి తల ఆనించాడు. ఇలాంటి వందనం మనకి ఈ రోజు కొంచెం ఇబ్బందిగా అనిపిస్తుంది. కాళ్ళు మొక్కించుకునే వ్యవస్థ కింద నలిగినవాళ్ళం కదా. అయితే ఇక్కడ కులం చూసి మొక్కింది కాదు, గురువని మొక్కింది. తేడా ఉంది.

శీలభద్రుడు అందరినీ కూర్చోమని, ఎక్కడి నుంచి వచ్చావని అడిగాడు. చీనా నుంచి, మీ దగ్గర యోగశాస్త్రం నేర్చుకోవడానికి అని ఈయన చెప్పాడు. ఆ మాట వినగానే ముసలాయన ఏడ్చేశాడు. పక్కనే ఉన్న బుద్ధభద్రుణ్ణి, ఆయన మేనల్లుడు అంటారు, డెబ్భై దాటిన మనిషిని పిలిచి, తన జబ్బు సంగతి అందరికీ చెప్పమన్నాడు. ఆయనకి ఇరవై ఏళ్ళకి పైగా ఒక నొప్పి. వచ్చినప్పుడల్లా కాళ్ళూ చేతులూ నిప్పులో పెట్టి కాల్చినట్టు, కత్తులతో పొడిచినట్టు ఉండేది. మూడేళ్ళ కింద అది భరించలేక అన్నం మానేసి ప్రాణం వదిలేద్దామనుకున్నాడు. ఆ రాత్రి కలలో ముగ్గురు కనిపించి, చావు వద్దు, చీనా నుంచి ఒక భిక్షువు నీ దగ్గర చదువుకోవడానికి వస్తాడు, అతనికోసం ఆగు అన్నారట. దారిలో ఎన్నేళ్ళయిందని శీలభద్రుడు అడిగాడు. మూడేళ్ళు అని జవాబు.

కల నిజమని నమ్మమని నేను చెప్పను. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్ళం, అలాంటివి నమ్మాల్సిన పనిలేదు. హుయాన్‌త్సాంగ్ మహాయాన భిక్షువు, మైత్రేయుడి మీద భక్తి ఉన్నవాడు, ఆయన జీవితం రాసిన హుయ్‌లీ ఆయన శిష్యుడు. భక్తితో రాశారు. దాన్ని దాచి ఆయన్ని మనలాంటి హేతువాదిగా చూపించడం అబద్ధమవుతుంది. కల తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. చెప్పడానికి ఇంకా ఏదో మిగిలి ఉన్న ఒక ముసలి గురువు, వినడానికి కొండలు దాటొచ్చిన ఒక విద్యార్థి. గురువు బతకడానికి విద్యార్థి కారణమయ్యాడు. మా వాడలో రిటైరయిన పంతులుగారు ఒకాయన రాత్రిళ్ళు పిల్లలకి లెక్కలు చెప్తారు. పిల్లలు రాని రోజు ఆయనకి ఆయాసం ఎక్కువవుతుంది. కాబట్టి శీలభద్రుడి నొప్పి ఆ తర్వాత రాలేదని రాసిన మాట మాత్రం నాకు నమ్మబుద్ధవుతుంది.

సాయంత్రానికి బస సంగతి. బాలాదిత్య రాజు కట్టించిన భవనంలో బుద్ధభద్రుడి ఇంట్లో నాలుగో అంతస్తులో ఉంచారు. ఏడు రోజులు అక్కడే భోజనం. తర్వాత సొంత గది. రోజూ 20 వక్కలు, 20 జాజికాయలు, కొంచెం కర్పూరం, ఒక కొలత మహాశాలి బియ్యం. ఆ బియ్యం గింజ నల్లచిక్కుడు గింజంత ఉండేదట, వండితే వాసన గుబాళించేదట, మగధలో తప్ప పండేది కాదట. నెలకి నూనె. పాలు, వెన్న కావలసినంత. పని చేసిపెట్టడానికి మనిషి. సంఘంలో అందరూ చేసే పనుల నుంచి మినహాయింపు. పదివేల మంది ఉండే నలందలో ఇలాంటి ఏర్పాటు పదిమందికే ఉండేది.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది? రాజు వంద ఊళ్ళ ఆదాయం విహారానికి రాసిచ్చాడు. ఆ ఊళ్ళలో రెండు వందల ఇళ్ళవాళ్ళు రోజూ బియ్యం, వెన్న, పాలు పట్టుకొచ్చి ఇచ్చేవారు. అందుకే విద్యార్థులు బిచ్చమెత్తకుండా చదువు మీదే ఉండగలిగారని ఆయన శిష్యుడు రాశాడు. ఆ వరి నాటిన చేతులు ఎవరివో మాత్రం రాయలేదు. మన చేతులకి ఆ ప్రశ్న రాకుండా ఉండదు.

ఒక సంగతి మర్చిపోకూడదు. నలందలో అందరికీ ఇలాంటి స్వాగతం లేదు. ద్వారం దగ్గరే ఒక పండితుడు కూర్చుని, చేరాలని వచ్చినవాళ్ళని కష్టమైన ప్రశ్నలు అడిగేవాడు. పదిమందిలో ఏడెనిమిది మంది జవాబు చెప్పలేక వెనక్కి పోయేవారని హుయాన్‌త్సాంగే రాసుకున్నాడు. లోపల రోజుకి వంద చోట్ల పాఠాలు జరిగేవి. శీలభద్రుడు ఆయన కోసం యోగాచారభూమి పాఠం మొదలుపెడితే పూర్తవడానికి 15 నెలలు పట్టింది. బౌద్ధ గ్రంథాలే కాదు, తర్కం, వ్యాకరణం, బ్రాహ్మణ గ్రంథాలు కూడా చదివాడు. అలా అక్కడ ఐదేళ్ళు.

చదువు అయిపోయిందని కూర్చోలేదు. తూర్పు తీరం పట్టుకుని దక్షిణానికి దిగాడు. కళింగం, కోసలం దాటి, 639–640 ప్రాంతంలో మన ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. వేంగి చూశాడు. ఇక్కడి భాష, మాటల అమరిక మధ్యదేశం కంటే వేరు, అక్షరాల రూపం మాత్రం ఇంచుమించు అదే అని రాసుకున్నాడు. జనం కోపిష్టులు అని కూడా రాశాడు. ఆ తర్వాత ధాన్యకటకం. ఇక్కడివాళ్ళు నల్లగా ఉంటారు, దుడుకు మనుషులు, కానీ విద్యని గౌరవిస్తారు అన్నాడు. పల్నాటివాళ్ళ గురించి బయటివాళ్ళు అనే మాటలో పెద్ద మార్పేం రాలేదు కదండీ ఈ పదమూడు వందల ఏళ్ళలో.

అయితే ఆయన వచ్చేసరికే ఇక్కడ ధమ్మం దీపం సన్నగిల్లింది. విహారాలు చాలా ఉన్నాయి గానీ ఎక్కువ భాగం పాడుబడి ఉన్నాయి, ఇరవై మాత్రం నిలిచి ఉన్నాయి, వాటిలో వెయ్యిమంది భిక్షువులు, ఎక్కువమంది మహాసాంఘికులు. దేవాలయాలు వంద. నగరానికి తూర్పు కొండ మీద పూర్వశైలం, పడమటి కొండ మీద అపరశైలం అనే గొప్ప విహారాలు మనుషులు లేక వందేళ్ళయింది. కొండదేవతలు రూపాలు మార్చి భయపెట్టడం వల్ల అందరూ వదిలిపోయారని జనం చెప్పుకునే మాట రాసుకున్నాడు. విహారం ఖాళీ అవడానికి దయ్యం కారణమంటే నేను ఒప్పుకోను. దానం చేసే చేతులు ఎటు తిరిగాయి, రాజు భూమి ఎవరికి రాసిచ్చాడు అని చూడాలి. పాడుబడ్డ తర్వాత దయ్యాల కథ దానంతట అదే పుడుతుంది. మన పల్లెల్లో పాత బౌద్ధ దిబ్బలకి కూడా ఇలాంటి కథలే ఉన్నాయి.

ఆ పాడుబడ్డ చోటే ఆయనకి సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులు కలిశారు. మహాసాంఘిక త్రిపిటకం బాగా తెలిసినవాళ్ళు. నలందలో ఐదేళ్ళు చదివి, పెద్ద ఆచార్యుడని పేరు తెచ్చుకున్న మనిషి, ఇక్కడ మళ్ళీ శిష్యుడిగా కూర్చుని కొన్ని నెలలు వాళ్ళ దగ్గర అభిధర్మం నేర్చుకున్నాడు. వాళ్ళిద్దరూ ఈయన దగ్గర మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. చదువు ముగిశాక ముగ్గురూ కలిసి పవిత్ర స్థలాలు చూడటానికి బయల్దేరారు. ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఒకరిది ఒక నికాయం, ఇంకొకరిది ఇంకొకటి. ఎవరూ ఎవరినీ ఓడించలేదు.

పల్నాటికి చీనా అప్పటికి కొత్త కాదు. మాచర్ల అవతల నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలంలో, అంటే ఆయన రాకకి మూడు వందల ఏళ్ళకి పైగా ముందు, బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, యవన, ద్రమిళ దేశాల పేర్లు వరసగా ఆ శాసనంలో చెక్కి ఉన్నాయి. ఆ దేశాల జనానికి ధమ్మం మీద ప్రసన్నత కలిగించిన భిక్షువుల సంప్రదాయం అని. రాణి కాదు, ఒక గృహస్థు స్త్రీ. పరదేశం నుంచి వచ్చే భిక్షువులకి బస ఏర్పాటు చేసిందంటే, వచ్చినవాళ్ళకి మొదటి రోజు ఎంత కష్టంగా ఉంటుందో ఆమెకి తెలిసే ఉండాలి. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. ఆ శిల్పాలకీ, అమరావతి శిల్పాలకీ రాయి మాత్రం మన పల్నాటిదే.

హుయాన్‌త్సాంగ్ రాతల్లో మనకి పనికొచ్చేది ఇంకొకటి ఉంది, అది చేదుది. కసాయివాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, ఆటగాళ్ళు, తలారులు, పాకీపని చేసేవాళ్ళు ఊరి బయట ఉండాలి, వాళ్ళ ఇళ్ళకి గుర్తు పెడతారు, దారిలో నడిచేటప్పుడు ఎడమ పక్కకి ఒదిగి పోవాలి అని రాశాడు. తన కళ్ళతో చూసింది రాశాడు, మంచి చెడ్డ అనలేదు. అనాల్సింది అని నాకనిపిస్తుంది. నలందలో తనకోసం గంట కొట్టి సమానం అన్నారు, ఆ గంట ఊరి బయటి ఇళ్ళదాకా వినపడలేదు. అయినా ఆ నాలుగు మాటలు రాసిపెట్టడం వల్లే, 1948లో బాబాసాహెబ్ అంటరానివారు ఎవరన్న గ్రంథం రాసేటప్పుడు ఫాహియాన్ రాతల పక్కన ఈయన రాతల్ని పెట్టి సాక్ష్యంగా తీసుకున్నారు. క్రీ.శ. 200 నాటికి లేని అంటరానితనం 600 నాటికి పుట్టుకొచ్చిందని తేల్చడానికి.

ఆ పిల్లకి బాబాసాహెబ్ మొదటి రోజుల సంగతి కూడా చెప్పాను. 1913 జులైలో, బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన న్యూయార్క్‌లో దిగినప్పుడు 22 ఏళ్ళు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తండ్రి చనిపోయారు. కొలంబియా విశ్వవిద్యాలయం వసతిలో చేరినప్పుడు ఎవరూ కులం అడగలేదు. నాలుగేళ్ళ తర్వాత, 1917లో, అంత చదువు చదివి ఉద్యోగానికి బరోడా వస్తే ఊరంతా తిరిగినా అద్దెకి గది ఇచ్చేవాళ్ళు లేరు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. పరదేశం నుంచి వచ్చినవాడికి నాలుగో అంతస్తులో గది ఇచ్చిన దేశమే ఇది. ఆ పన్నెండు వందల ఏళ్ళ మధ్య ఏం జరిగిందన్నదే బాబాసాహెబ్ చివరిదాకా తవ్వుతూ పోయిన ప్రశ్న.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను. కంచి దాకా పోయి, సింహళంలో రాజు చనిపోయి కరువుగా ఉందని అక్కడి భిక్షువులు చెప్పడంతో వెనక్కి తిరిగాడు. హర్షుడు పిలిపించుకున్నాడు, కన్యాకుబ్జంలో పెద్ద సభ పెట్టాడు. నలందలో ఉండిపొమ్మని ఎంతమంది అడిగినా ఆగలేదు. బుద్ధుడు పుట్టిన దేశం వదిలి పోతావా అన్నారు. తను నేర్చుకున్నది తన దేశం వాళ్ళకి అందాలి కదా అన్నదే ఆయన జవాబు. తిరుగు దారిలో సింధు నది దాటుతుంటే అలలకి పడవ ఊగి 50 కట్టల గ్రంథాలు నీళ్ళలో పడిపోయాయి. 645లో చాంగాన్ చేరినప్పుడు ఇరవై గుర్రాల మీద 657 గ్రంథాలు ఉన్నాయి. వాటిలో మహాసాంఘికుల గ్రంథాలు 15. పట్టుకోమని ఒకప్పుడు ఆజ్ఞ ఉన్న మనిషిని చూడటానికి రాజధాని వీధులు జనంతో నిండిపోయాయి.

చక్రవర్తి మంత్రి పదవి ఇస్తానన్నాడు. వద్దని అనువాదానికి కూర్చున్నాడు. 19 ఏళ్ళలో 75 గ్రంథాలు, 1,335 సంపుటాలు చీనా భాషలోకి తెచ్చాడు. మన దేశంలో మూలాలు తగలబడి, చిరిగి, మాయమైపోయిన చాలా గ్రంథాలు ఈ రోజు మిగిలి ఉన్నది ఆయన చీనా అనువాదాల్లోనే.

652లో బుద్ధగయ మహాబోధి విహారం నుంచి ఇద్దరు పాత స్నేహితులు ఉత్తరం, రెండు తానుల తెల్ల నూలుబట్ట పంపారు. దారి దూరం, ఇచ్చేది చిన్నదని చిన్నబుచ్చుకోవద్దని రాశారు. 654లో ఆయన జవాబు రాశాడు. శీలభద్రుడు పోయారని రాయబారి ద్వారా విన్నానని, ఆ వార్త విన్నప్పుడు తట్టుకోలేకపోయానని రాశాడు. ఉత్తరం చివర ఒక జాబితా పెట్టాడు. సింధు నదిలో పోయిన గ్రంథాల పేర్లు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే వాళ్ళ చేతికిచ్చి పంపమని.

664లో, 600 సంపుటాల ప్రజ్ఞాపారమిత అనువాదం ముగించిన కొద్ది నెలలకి ఆయన చనిపోయాడు.